చేతికివ్వని ఉప్పు

"గోంగూర వచ్చిందా?"

"తెల్లది అయిపోయిందండీ. ఎర్రది లోపలుంది, చూస్కోండి."

కోడ్ సరిపోయింది. శశికాంత్ కందిపప్పు బస్తాల పక్కనుంచి నడిచి, ఫ్రోజెన్ పరోటాల ఫ్రీజర్ వెనకున్న తలుపు తోశాడు. షాంటిలీలో ఆ ఇండియన్ స్టోర్ వెనక గదిలో ప్రభుత్వం వారి రహస్య విభాగం ఒకటి పనిచేస్తోందంటే, రోజూ అక్కడ కరివేపాకు కొనుక్కునే సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఒక్కరూ నమ్మరు. నమ్మకపోవడమే ఆ ఆఫీసుకి కావాల్సింది.

చీఫ్ ఛాయాదేవి ఫైల్లోంచి తలెత్తింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. నవ్వగా చూసినవాళ్ళు లేరు.

"కూర్చో, శశికాంత్. శాన్ డియేగో ఎప్పుడైనా వెళ్ళావా?"

"లేదు మేడమ్."

వెళ్దామనుకున్నాడు. భార్య హాసిని బతికున్నప్పుడు రెండుసార్లు టికెట్లు బుక్ చేశాడు. రెండుసార్లూ డ్యూటీ పడి క్యాన్సిల్ చేశాడు. ఆ సంగతి ఇప్పుడెందుకని ఊరుకున్నాడు.

"మన సర్వర్‌లోంచి ఒక ఫైల్ పోయింది," అంది ఛాయాదేవి. "పంతొమ్మిది పేర్లు. మారుపేర్లతో పనిచేసే మన ఏజెంట్లవి. ఇంటి అడ్రస్‌లు, పిల్లల స్కూళ్ళతో సహా ఉన్నాయి. ఒక ఫారిన్ గ్యాంగ్ దాన్ని కొంటోంది. అది వాళ్ళ చేతిలో పడితే వారం తిరక్కుండా పంతొమ్మిది ఇళ్ళల్లో ఏడుపులే."

"నా పేరు?"

"ఉంది. శాన్ డియేగోలో ఓషన్ బీచ్ దగ్గర ఒక బ్యాక్‌ప్యాకర్స్ హాస్టల్. శనివారం పొద్దున పదకొండుకి డెలివరీ. మెమరీ కార్డ్ తెచ్చేది ఒక ఆడమనిషి. గ్యాంగ్‌లో ఆమెను చిలక అంటారు. మొహం ఎవరికీ తెలీదు. బుధవారం నుంచి నీకు మూడు రాత్రులు బెడ్ బుక్ చేశాం."

"కవర్?"

"బెంటన్‌విల్‌లో సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టర్‌వి. లే ఆఫ్ అయింది. హెచ్‌వన్ వీసా గ్రేస్ పీరియడ్‌లో ఉన్నావు. ఇండియా ఫ్లైట్ ఎక్కేలోపు సముద్రం చూద్దామని వచ్చావు. ఎవరూ రెండో ప్రశ్న అడగరు, జాలిపడి ఊరుకుంటారు."

బల్ల మీద రెండు వస్తువులు పెట్టింది. రబ్బరు చెప్పులు, మడమలో ట్రాన్స్‌మిటర్. సన్‌స్క్రీన్ స్ప్రే డబ్బా ఒకటి.

"ఇది పొరపాటున ఒంటికి కొట్టుకోకు. ఎదుటివాడి కళ్ళల్లో కొడితే పది నిమిషాలు అమ్మా అయ్యా తప్ప ఇంకో మాట రాదు. మన ఏజెంట్లు అదితి, ఆరవ్ రెండు వీధుల అవతల టాకోలు అమ్మే ట్రక్‌లో ఉంటారు. చిలక ఎవరో తెలిసిన నిమిషంలో వాళ్ళకి చెప్పు." గొంతు తగ్గించింది. "నాలుగేళ్ళయింది. లీవ్ పెట్టమంటే పెట్టవు. కనీసం సముద్రమైనా చూడు."

హాసిని కూడా ఆ విభాగంలోనే పనిచేసేది. నాలుగేళ్ళ కిందట మిషిగన్‌లో, మంచు కరిగే రోజుల్లో, ఆమె కారు చెరువులో పడింది. కారు దొరికింది, మనిషి దొరకలేదు. అప్పుడు వాళ్ళుంటున్న అక్కడి ఫార్మింగ్టన్ హిల్స్ ఇంట్లో పదకొండో రోజు దాకా చేయవలసినవన్నీ చేశాడు శశికాంత్. ఇప్పటికీ రైస్ కుక్కర్‌లో ఇద్దరికి సరిపడా బియ్యం పోసి, గుర్తొచ్చి సగం తీసేస్తుంటాడు. దుఃఖం పాతబడుతుందని అందరూ చెప్పారు. ఎప్పటికో మాత్రం ఎవరూ చెప్పలేదు.

హాస్టల్‌లో ఇరవై ఆరు పడకలు. గోడలకి సర్ఫ్‌బోర్డులు, వరండాలో ఆరేసిన తడి టవళ్ళు, ఎటు చూసినా ఇసుక. చెకౌట్ పదింటికని, బ్యాగులు కావాలంటే లగేజ్ రూమ్‌లో పెట్టి టోకెన్ తీసుకోవచ్చని కౌంటర్‌లోని అమ్మాయి నవ్వుతూ చెప్పింది. లే ఆఫ్ అని వినగానే పాపం ఒక అరటిపండు కూడా ఇచ్చింది.

చిలక అంటే ఎవరికైనా తోచేది ఒకటే కదా. మనవాడు మాయ అనే పొడుగుకాళ్ళ సుందరి వెంట పడ్డాడు. రెండుసార్లు టోపీ మార్చాడు, ఒకసారి మీసం పెట్టాడు. గురువారం సాయంత్రానికి తేలిందేమంటే, ఆమె ఊరంతా తిరిగి టోస్టు ముక్కల ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టుకునే అమ్మాయి. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే.

తిరిగొస్తూ టాకో ట్రక్ దగ్గర ఆగాడు. అదితి ఒక ప్లేట్ చేతికిస్తూ, "మా పాపకి ఇవాళ ఫస్ట్ టూత్ ఊడిందంట. వీడియో కాల్‌లో చూపించింది," అంది. ఆ పాప స్కూలు పేరు కూడా ఆ ఫైల్లో ఉంది.

శుక్రవారం పొద్దున కామన్ కిచెన్‌లో గుడ్లు వేయించుకుంటున్నాడు. పక్క స్టవ్ దగ్గర మిసెస్ రోసా టీ కాచుకుంటోంది. ట్రినిడాడ్ నుంచి వచ్చిన పెద్దావిడ. నెరిసిన జుట్టు, దళసరి కళ్ళద్దాలు, మోకాలికి పట్టీ, ముడతలు పడ్డ మెడ. రెండు రోజులుగా కుంటుతూ ఎదురొస్తుంటే శశికాంత్ దారి వదలడం తప్ప రెండోసారి చూడలేదు.

"కొంచెం ఆ సాల్ట్ ఇస్తారా?" ఇంగ్లిష్‌లో అడిగి చెయ్యి చాపాడు.

ఆవిడ డబ్బా తీసింది. చాపిన చెయ్యి వైపు చూసింది. చేతికివ్వలేదు. గట్టు మీద పెట్టి, రెండు వేళ్ళతో అతని వైపు జరిపింది.

శశికాంత్ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఉప్పు చేతికిస్తే గొడవలొస్తాయని మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేతికివ్వరు. అతని ఇంట్లో ఒకామె మరీ పట్టింపుగా ఉండేది. పీకల దాకా కోపంలో ఉన్నా డబ్బా బల్ల మీద పెట్టి, అదే రెండు వేళ్ళతో అలాగే జరిపేది.

కళ్ళద్దాల వెనక కళ్ళలోకి చూశాడు. రంగు వేరు. చూపు వేరు కాదు.

"గుడ్లు మాడుతున్నాయి," అంది మిసెస్ రోసా, మెల్లగా, చక్కని తెలుగులో. "మూడింటికి పియర్ పక్కన రాళ్ళ దగ్గరికి రా."

చచ్చిపోయిన పెళ్ళాం ఎదురొస్తే ఏం చేయాలో ట్రైనింగ్‌లో ఎవరూ నేర్పలేదు. ఆ పూటే రోసా మంచం కింద బ్యాగ్ వెతికి ఉంటే పని అక్కడితో అయిపోయేది. వెతకలేదు. అదితి ఫోన్ చేసి "చిలక దొరికిందా?" అంటే "ఇంకా లేదు" అన్నాడు. పన్నెండేళ్ళ సర్వీసులో ఆఫీసుకి చెప్పిన మొదటి అబద్ధం అది.

మూడింటికి రాళ్ళ మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. మూసేసిన పియర్ వంతెన కింద అలలు కొట్టుకుంటున్నాయి. ఎండ కళ్ళు చెదిరేలా ఉంది.

"నీకు పిండాలు పెట్టాను హాసినీ," అన్నాడు. ఇంకేదో అడగాలనుకుని అదే అన్నాడు.

"తెలుసు శశీ. మొదట గ్యాంగ్ వాళ్ళు బెదిరించారు. ఒక్క పని చేస్తే వదిలేస్తామన్నారు. ఒకటి రెండైంది, తర్వాత వెనక్కి రావడానికి దారి లేదు. చచ్చిపోవడమే సులువనిపించింది."

"ఉప్పు చేతికిచ్చి ఉంటే నేను కనిపెట్టేవాణ్ణి కాదు."

"తెలుసు." మోకాలి పట్టీ సర్దుకుంటూ తలొంచుకుంది. "ఇన్నేళ్ళ తర్వాత కనిపించి నీతో గొడవ తెచ్చుకోవాలనిపించలేదు."

శశికాంత్‌కి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. పక్కన ఎవరో గాలిపటం ఎగరేస్తున్నారు, ఎవరి పిల్లలో కేరింతలు కొడుతున్నారు, ముప్పై తొమ్మిదేళ్ళ గూఢచారి మొహం చేతుల్లో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"నీ పేరు ఆ లిస్టులోంచి తీసేశాను," అంది. "ఇవాళ కాదు, ఫైల్ నా చేతికొచ్చిన మొదటి రోజే."

"మిగతా పద్దెనిమిది మంది?"

"కార్డ్ నీ చేతికే ఇచ్చేస్తా. ఇప్పుడు కాదు, నా మీద కాపలా ఉన్నవాడు హాస్టల్ దగ్గరే తిరుగుతున్నాడు. రేపు వాడు వాళ్ళ బోటు దగ్గరికి పోతాడు. పదకొండింటికి ఇక్కడికి రా. ట్రాలీ రైలెక్కితే గంటలో బోర్డర్. ఇద్దరం వెళ్ళిపోదాం. మీ వాళ్ళకి తెలిస్తే మాత్రం నన్ను మళ్ళీ చూడలేవు."

ఆ రాత్రి శశికాంత్ పై బంక్‌లో పడుకుని సీలింగ్ ఫ్యాన్ చూస్తూ గడిపాడు. కార్డ్ వస్తుంది, పద్దెనిమిది మంది బతుకుతారు, హాసినీ దక్కుతుంది. ఇందులో తప్పేముందని తనకు తనే వందసార్లు చెప్పుకున్నాడు. తప్పు లేని పనికి అన్నిసార్లు చెప్పుకోనక్కర్లేదని అతనికీ తెలుసు.

శనివారం ఫోన్, ట్రాన్స్‌మిటర్ చెప్పులు లాకర్‌లో పెట్టేశాడు. స్ప్రే డబ్బా ఒక్కటే నిక్కరు జేబులో ఉండిపోయింది. ఉత్తి కాళ్ళతో పది నలభైకి రాళ్ళ దగ్గరున్నాడు.

హాసిని వేషం తీసేసి వచ్చింది. పసుపు పచ్చ గౌను, గాలికి ఎగిరే జుట్టు. బుగ్గ మీద కొత్తగా ఒక గీత. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. నాలుగేళ్ళలో అంత సుఖంగా ఊపిరి పీల్చలేదు. పాత సంగతులేవో చెబుతుంటే నవ్వాడు కూడా.

నవ్వుతూనే ఆమె భుజాల వైపు చూశాడు. రెండూ ఖాళీగా ఉన్నాయి. గంటలో దేశం దాటాల్సిన బ్యాక్‌ప్యాకర్.

"బ్యాగ్ ఏది?"

"వదిలేశా. ఎవరిక్కావాలి ఆ పాత గుడ్డలు."

"వదిలేశావా, లగేజ్ రూమ్‌లో పెట్టావా?"

ఆమె గాలికెగిరే జుట్టు ముడి వేసుకోవడం మొదలెట్టింది.

"టోకెన్ ఎవరి దగ్గరుంది, హాసినీ?"

ఆమె సముద్రం వైపు చూస్తోంది. అతని వాచీలో పది యాభై మూడు. పదకొండింటికి అతన్ని హాస్టల్‌కి దూరంగా కూర్చోబెట్టడానికి ఆమె పెట్టిన ముహూర్తం ఇది.

ఆమెను పట్టుకుని కూర్చుంటే బ్యాగ్ పోతుంది. బ్యాగ్ కోసం పరిగెడితే ఆమె పోతుంది. పిలవడానికి ఫోన్ లేదు, తనే దాచి వచ్చాడు.

"వెళ్ళకు శశీ," మణికట్టు పట్టుకుంది. "వెళ్తే తిరిగొచ్చేసరికి నేనుండను."

"తెలుసు," అన్నాడు.

పన్ను ఊడిన పాపాయి గుర్తొచ్చింది. చెయ్యి విడిపించుకుని పరిగెత్తాడు. కాలే ఇసుక, తర్వాత కాలే తారు. పాదాలు బొబ్బలెక్కాయి. వెనక నుంచి ఒకసారి పేరు పెట్టి పిలిచింది. తిరిగి చూడకుండా ఉండడానికి పళ్ళు బిగపట్టాడు. మన టాకో ట్రక్ ముందు నుంచి దూసుకుపోతుంటే ఆరవ్ నోరు తెరుచుకుని చూసి, ఆ వెంటనే ఇంజన్ స్టార్ట్ చేశాడు.

హాస్టల్ గోడ గడియారంలో పది యాభై తొమ్మిది. నీలం టోపీ వాడొకడు టోకెన్ ఇచ్చి బ్యాగ్ భుజాన వేసుకున్నాడు. గుమ్మంలో కారు రెడీగా ఉంది. వాడు మెట్టు మీద కాలు పెట్టాడో లేదో శశికాంత్ స్ప్రే నొక్కాడు. నీలం టోపీ కళ్ళు మూసుకుని మెట్ల మీద కూలబడి, తన భాషలో అమ్మా అయ్యా అని ఏడవడం మొదలెట్టాడు. కారు కదలబోయేసరికి ఆరవ్ ట్రక్‌ని అడ్డంగా తెచ్చి పెట్టాడు. సల్సా పచ్చడి గిన్నె ఎగిరి వీధంతా ఎర్రగా పరుచుకుంది. డ్రైవర్ చేతులెత్తేశాడు.

కార్డ్ బ్యాగ్ పట్టీ కుట్టులో దొరికింది. రాళ్ళ దగ్గరికి వెళ్ళిన అదితి ఉత్త చేతులతో తిరిగొచ్చింది. శశికాంత్ మొహం చూసి, అతని పాదాల మీద ఐసు ముక్కలు పెట్టింది.

మధ్యాహ్నం రెండింటికి ఛాయాదేవి ఫోన్.

"ఫైల్ ఓపెన్ చేశాం. కాపీ ఎక్కడా పోలేదు. పదకొండింటికి నిమిషం ముందు ఆపావు. బాగా చేశావు."

"మేడమ్, నిన్న నేను ఆఫీసుకి అబద్ధం చెప్పాను. చిలక హాసిని."

"రిపోర్ట్‌లో రాయి," అంది ఛాయాదేవి. "ఏమన్నా చెప్పిందా?"

"నా పేరు తీసేశానంది. మొదటి రోజే తీసేశానంది. అది నిజమేనా మేడమ్?"

"శశికాంత్."

"చెప్పండి. పద్దెనిమిదే కదా ఉన్నవి?"

"పంతొమ్మిదీ ఉన్నాయి బాబూ." ఛాయాదేవి గొంతు ఎన్నడూ లేనంత మెత్తగా ఉంది. "మన సర్వర్‌లో అక్షర క్రమంలో ఉండేవి. ఇందులో నీది మొట్టమొదట పెట్టింది. పక్కన ఒక నోట్, ముందు ఇతని సంగతి చూడండి అని. నీ తర్వాత అదితి, ఆరవ్, ఈషాన్, అన్నీ పాత వరసే."

శశికాంత్ ఫోన్ పెట్టేసి, బొబ్బలెక్కిన పాదాలు చాపుకుని సముద్రం చూస్తూ కూర్చున్నాడు. ఏడేళ్ళ కాపురంలో హాసిని అందరికన్నా ముందు అతన్ని పెట్టింది ఆ ఒక్క లిస్టులోనే.