పట్టాల పక్కన పంక్తి

ఇది రాస్తున్నది సుభద్రే. ఏదైనా రాయడం ఆమెకు ఇదే మొదలు. ఐదో తరగతితో ఆగిన చదువు. తప్పులుంటే సర్దుకోండి.

సుభద్ర పెద్దాడపడుచు చాముండేశ్వరి. ఆవిడ కూతురు భువన సింగపూర్‌లో, టాంపినీస్‌లో ఉంటుంది. వదినా మరదళ్ళిద్దరూ చూడ్డానికి వెళ్ళారు. చాముండేశ్వరికి ఊళ్ళు తిరగాలని ఆశ, ఖర్చంటే గుబులు.

"టిక్కెట్టు లేని చోట్లే చూద్దాం సుభద్రా. పులిహోర మనది, కాళ్ళు మనవి," అనేది.

అలా ఓ సాయంత్రం బుకిట్ తిమా పాత రైలు స్టేషనుకు వెళ్ళారు. రైళ్ళు ఎప్పుడో ఆగిపోయాయి. చూసిపోయేవాళ్ళ కోసం ఒకప్పుడు మలయా దాకా పోయిన పట్టాలు కాసిన్ని, ఓ ఇనుప వంతెన ఉంచారు. యుద్ధంలో జపానువాళ్ళు బర్మా రైలుదారి వెయ్యడానికి మలయా తోటల్లోని మన కూలీలను కూడా పట్టుకుపోయారనీ, ఎందరో ఆకలికీ జ్వరాలకీ పోయారనీ భువన ముందే చెప్పింది.

వాన వెలిసింది. తడి ఆకుల వాసన, తుప్పు వాసన. పొద్దు వాలుతోంది. పట్టాల పక్కన కాగితం పరుచుకుని కూర్చున్నారు. పక్కవాళ్ళను పిలవందే ముద్ద ముట్టని ఇల్లు వాళ్ళది. చుట్టూ నరపురుగు లేదు. అయినా చాముండేశ్వరి డబ్బా మూత తీస్తూ అలవాటుగా గొంతెత్తింది.

"రండి బాబూ, భోంచేద్దురుగాని!"

"ఎవర్నండీ వదినా?" సుభద్ర నవ్వింది.

"ఎవరుంటే వాళ్ళని!"

కప్పల అరుపు ఠక్కున ఆగిపోయింది.

గడ్డిలో చప్పుడు... ఒకరు కూర్చున్నట్టు. ఆ పక్కన ఇంకొకరు... ఇంకొకరు... వరసగా, వంతెన దాకా. మనుషులు లేరు. గడ్డి మాత్రం అణిగిపోతోంది. జ్వరం చెమట వాసన.

"అమ్మా... ఇటు..." నీరసంగా, తెలుగులో.

చూస్తుండగానే డబ్బాలో మెతుకు మిగల్లేదు.

"లేవండి వదినా... పోదాం..."

"పిలిచింది నేను," చాముండేశ్వరి గుసగుసలాడింది. "పంక్తిలో అందరూ తినకుండా ఎట్లా లేస్తానే? చివరివాళ్ళకింకా అందలేదు..."

సుభద్ర రెక్క పట్టి లాక్కొచ్చింది. ఇంటికి వెళ్ళే మెట్రో ట్రైను కిక్కిరిసి ఉంది. చాముండేశ్వరి పక్క సీట్లు మాత్రం వరసగా ఖాళీ. నిలబడ్డవాళ్ళెవరూ వాటిలో కూర్చోలేదు.

ఇంటికి రాగానే చాముండేశ్వరి హాల్లో నేలమీద బాసింపట్టు వేసుక్కూర్చుంది. పులిహోర అంటిన చెయ్యి కడగలేదు. భువనా, అల్లుడూ చెరో రెక్కా పట్టి లేపబోయారు. కదల్లేదు.

"మమ్మీ, ప్లీజ్... ఒక్క ముద్ద తిను," భువన ఏడ్చింది.

పెట్టిన కంచాన్ని పెట్టినట్టే పక్కకు జరిపేసింది. "ముందు వాళ్ళకి..."

తెల్లారేసరికి బుగ్గలు పీక్కుపోయాయి. కళ్ళు గుంటలు పడ్డాయి. ఒక్క రాత్రిలో... నెలల తరబడి పస్తున్న మనిషిలా. ఇంకో పూట బతకదనిపించింది సుభద్రకు.

భువన డాక్టరుకు ఫోన్ చేస్తూ బయటికి వెళ్ళింది. సుభద్ర ఇంట్లో ఉన్న బియ్యమంతా వండింది. హాలు పొడుగునా కాగితం ప్లేట్లు పరిచి వడ్డించింది. వదినకు తోడుగా తనూ కూర్చోబోయింది.

చోటు చాల్లేదు.

పక్కనెవరో... కాస్త జరిగారు.