ఎవరో మార్చినారు

పొద్దున ఇల్లు ఊడ్చి, రేఖ కంప్యూటర్ ఆన్ చేసింది. కళ్యాణదుర్గంలోని ఆ ఇంటి ముందుగదిలోనే ఆమె పెళ్లికార్డులు డిజైన్ చేస్తుంది. మధ్యాహ్నానికి ఒక కార్డు ప్రెస్సుకు పంపాలి. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు మాత్రమే వచ్చాయి. హార్డ్ డిస్క్ దొరకలేదట.

ఆమె చూపు వెంటనే ఆడబిడ్డ మౌనిక మీదికి పోయింది. మొగుడితో సరిపడక మౌనిక ఉగాదికి ముందే పుట్టింటికి వచ్చేసింది. మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. రేఖ వస్తే గబుక్కున ఆపేస్తుంది. ఇప్పుడు కూడా తలెత్తకుండా వేరుశనక్కాయలు ఒలుస్తోంది.

రేఖ భర్త కిరణ్ ఆపి మళ్లీ ఆన్ చేశాడు. పెన్‌డ్రైవ్ ఏదైనా గుచ్చి ఉందేమో చూశాడు. పక్క మూత విప్పి, దుమ్ము ఊది, డిస్క్ కేబుళ్లు పీకి గట్టిగా నొక్కాడు. మళ్లీ అవే అక్షరాలు. చివరికి సెట్టింగుల పేజీ తెరిచి చాలాసేపు చూశాడు.

“డిస్క్ బాగానే ఉండాది. పేరు ఈడ కనబడుతాంది. కంప్యూటర్ దీంతో మొదలుకాకుండా ఎవరో మార్చినారు. దానంతట అది మారేది కాదు.”

రేఖ ఇక ఆగలేకపోయింది. నీ కాపురం చెడిందని నా పనీ చెడగొడతావా అని మౌనికను నిలదీసింది. కిరణ్ కూడా చెల్లెలి వైపు అనుమానంగా చూశాడు. మౌనిక కాయలు ఒలుస్తూనే ఉంది. దాంతో అనుమానం ఇంకా గట్టిపడింది. ఈ గొడవ పడలేక తల్లి ఓబులమ్మ ఫోన్ తీసుకుంది. సాయంత్రం వచ్చి పిల్లను పిలుచుకుపొమ్మని అల్లుడితో చెబుతానంది.

“ఫోన్ చేయొద్దుమా. మార్చింది నేనే.”

తను కంప్యూటర్ రిపేరు పని నేర్చుకుంటున్నానని మౌనిక మెల్లగా చెప్పింది. నిన్న పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ నడిపి చూసిందట. వదిన అడుగుల చప్పుడు వినబడగానే కంగారుగా ఆపేసి, మార్చినవి సరిచేయడం మరిచిపోయిందట.

“నాతో చెప్పి నేర్చుకోవచ్చు గదా?” అంది రేఖ.

“చెబితే ఎందుకని అడుగుతారు వదినా. ఆ ఇంటికి ఇంక పోనని చెప్పల్ల. ఆయప్ప కొడతాడని చెప్పల్ల. ఏదో ఒక పని చేతికొచ్చినాక చెబుదామనుకున్నా.”

ఎప్పుడు పోతావనే తప్ప ఎందుకొచ్చావని ఆ పిల్లను ఇంట్లో ఎవరూ అడగలేదు. ఇన్నాళ్లూ ఆమెను దొంగను చూసినట్టు గమనించిన రేఖకు, ఈ మండుటెండల్లో ఆమె పొడుగు చేతుల జాకెట్లే ఎందుకు తొడుగుతోందో ఒక్కసారీ తట్టలేదు.

రేఖ కుర్చీ జరిపింది. “కూచో. నువ్వే సరిచెయ్.”

మౌనిక సెట్టింగులు మార్చి, సేవ్ చేసింది. కంప్యూటర్ మామూలుగా మొదలైంది.

“అత్తా, ఎవురినీ రమ్మనొద్దు. మౌనిక యాడికీ పోదు,” అంది రేఖ.

ఓబులమ్మ ఫోన్ పక్కన పెట్టి, కూతురి దగ్గర కూర్చుంది. చెయ్యి పట్టుకుని మెల్లగా జాకెట్ చెయ్యి పైకి జరిపింది. అక్కడ దెబ్బలు మానినా పోని నల్లటి మచ్చలు చూసి, వాటి మీద చెంప ఆనించి ఏడ్చింది.