ఇరవై అయిదు డిగ్రీల మనిషి

“ఇరవై అయిదు గారూ, మీ కారు ఏ లోకంలో తిరుగుతుందండీ?”

తడిసిన రెయిన్‌కోటుతోనే వచ్చి అతని టేబుల్ మీద ఫైలు పడేసింది టెస్ట్ ల్యాబ్ అమ్మాయి. కిటికీ బయట మూడు రోజులుగా ఒకటే ముసురు.

అతను డిజైన్ ఇంజినీరు. ప్లగ్‌కు తగిలించి ఛార్జ్ చేసుకుంటూ, పెట్రోలుతోనూ నడిచే హైబ్రిడ్ కారుకు ఎంత బ్యాటరీ, ఎంత మోటారు ఉండాలో కంప్యూటర్‌తో తేల్చడం అతని పని. బయట ఎప్పుడూ ఇరవై అయిదు డిగ్రీల వేడే ఉంటుందన్నట్టు లెక్కలన్నీ కట్టేశాడు. అందుకే ఆమె ఆ పేరు పెట్టింది.

“ఎండలో నిలబెడితే మీ చిన్న బ్యాటరీ నాలుగేళ్లకే చతికిలబడుతుంది. చలిలో అయితే భారమంతా ఇంజిన్ మీదే. కూలింగ్ పెట్టక తప్పదండీ.”

“కూలింగ్ పెడితే బరువు, ఖర్చు! నా డిజైనే బెస్ట్ అని కంప్యూటర్ చెప్పింది.”

“కంప్యూటర్‌కి చెమట పట్టదు కదా!”

అతనికి నవ్వొచ్చింది. అయినా బింకం వదలక ఫైలు సొరుగులో పడేశాడు. ఆమె వెళ్తుంటే మాత్రం తలుపు దాకా చూస్తూనే ఉన్నాడు.

వారం తిరక్కుండా నోటీసు వచ్చింది. కంప్యూటర్ లెక్కలే చాలు కాబట్టి నెలాఖరుకు ల్యాబ్ మూసేస్తారట. అందుకు చూపించిన కారణం అతని రిపోర్టే.

అప్పుడు తీశాడు ఫైలు. ఆమె కొలిచిన ఎండనూ చలినీ కలిపి మళ్లీ లెక్క నడిపాడు. అతని బ్యాటరీ ఓడిపోయింది. కాస్త పెద్దది, కూలింగ్ ఉన్నది గెలిచింది. ఒప్పుకుంటే రావలసిన టీమ్ లీడర్ పదవి చేజారుతుంది. ఒప్పుకోకపోతే ఇక ఆమె ముఖం చూడలేడు.

నెలాఖరు శుక్రవారం మీటింగులో లేచి నిలబడ్డాడు. “తప్పు నాదండీ. ల్యాబ్ రిపోర్టు చదవకుండా సొరుగులో పడేశాను.”

పెద్దసారు ముఖం మాడిపోయింది. డిజైన్ మార్చమన్నాడు. పదవి పక్క టేబులాయనకు ఇచ్చాడు. ల్యాబ్ మాత్రం మిగల్లేదు, దాని గదిని అప్పటికే వేరే వాళ్లకు ఇచ్చేశారు.

సాయంత్రం ఆమె అట్టపెట్టెతో ఆఫీసు మెట్ల మీద నిలబడి ఉంది. మళ్లీ వాన.

“నా వల్లే మీ ఉద్యోగం పోయింది. తిట్టండి.”

“తిడదామనే చూస్తున్నా, మాట రావట్లేదు. మీ పదవీ పోయిందిగా, ఎందుకు చెప్పారు?”

“మీరంటే ఇష్టమండీ. ఆ తప్పు దాచుకుని ఈ మాట ఎలా చెప్పను?”

ఆమె కళ్లు నిండాయి. అంతలో పెట్టె మీదున్న ఫోన్ మోగింది. చేతుల్లో పెట్టె ఉండటంతో స్పీకర్ నొక్కింది.

“ఎక్కడున్నావే?” అంది వాళ్లమ్మ.

“ఆఫీసు దగ్గరేనమ్మా. ఆయన కూడా ఉన్నారు.”

“ఏ ఆయన? నీ ల్యాబ్ మూయించిన ఆయనా? మధ్యాహ్నం చెప్పావే, అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాడని, ఆయనా?”

“ఇద్దరూ ఒక్కరేనమ్మా.”

“సరే, ఇంటికి తీసుకురా. ముందు నాలుగు తిడతాను, తర్వాత అన్నం పెడతాను.”

అతను ఆమె చేతుల్లోంచి పెట్టె అందుకున్నాడు.