మంగళ, శుక్రవారాల తడి

తెల్లవారగానే కొమురమ్మ రాగి చెంబులో పసుపు నీళ్లు కలిపి, పైన నాలుగు వేపాకులు వేసుకుని చేనుకు బయలుదేరింది. శుక్రవారం. మైసమ్మ పేరున ఆ నీళ్లు సాక పోయనిదే ఆమె పచ్చి గంగ ముట్టదు. వాకిట్లో పత్తి విత్తనాల సంచి విప్పుతున్న కొడుకు సంజీవ తలెత్తి కూడా చూడలేదు. వారం వారం కంటికి కనిపించేది ఎవరికి ఆనుతుంది?

పైగా అతని మనసు మనసులో లేదు. చెల్లెలు రజిత పొద్దున బస్సుకే వస్తున్నానని ఫోన్ చేసింది. గొంతులో ఏదో తేడా. వారం కిందట అదే గొంతు ఎంత సంబరంగా ఉండేదో!

రజిత సెన్సర్ల మీద డాక్టరేటు చేసింది. నేలలో తడి ఎంతుందో చెప్పే సెన్సర్‌ను రెండేళ్ల కింద అన్న పత్తి చేనులో, గెట్టు పక్కన పాతింది. అది బ్యాటరీ మీద నడుస్తూ, తను చూసిన తడిని తనలోనే దాచుకుంటుంది. దాని లెక్కలతో ఆమె రాసిన వ్యాసం పేరున్న సైన్సు పత్రికలో అచ్చయింది. ఆ పత్రికకు 'ఇంపాక్ట్ ఫాక్టర్' బాగా ఎక్కువట. అంటే అందులోని వ్యాసాలను తక్కినవాళ్లు ఎంతగా ప్రస్తావిస్తే పత్రికకు అంత విలువ, రాసిన మనిషికి అంత పరపతి. వారం కిందట జర్మనీ వాళ్లు రజిత వ్యాసాన్ని ప్రస్తావించడంతో ఆమె ప్రస్తావనల లెక్కలో ఒకటి పెరిగింది. సంజీవ లింగాల ఘనపూర్ చాయ్ హోటల్లో అందరికీ చాయ్ పోయించి, "మా చెల్లె పేరు జర్మనీల తీసిండ్రు!" అని చాటాడు.

రజిత వచ్చింది. తెలంగాణ కోసం చలో అసెంబ్లీకి పోతున్నారేమోనని పోలీసులు దారిలో బస్సాపి అందరినీ దింపి చూశారట. అయినా ఆ ముఖం వాడింది అందుకు కాదు. సంచి కింద పెట్టకుండానే అంది.

"అన్నా, జర్మనోళ్లు నా పేరు తీసింది మెచ్చుకుంటానికి గాదు. తప్పు రాసిన్నని చెప్పుటానికి. రాత్రే మొత్తం చదివిన."

"మరి నీ లెక్క ఒకటి పెరిగిందంటివి?"

"మెచ్చినా తిట్టినా గా లెక్కల ఒక్కటే."

సంజీవ భార్య పుష్ప పొయ్యి దగ్గర్నుంచే అందుకుంది. "మంచిగుంది వదినె యవ్వారం! సినిమాలల్ల మన తెలంగాణ మాటను ఎక్కిరించినోళ్లు గూడ మన పేరు పెంచినట్టేనన్నట్టు."

రజిత గడప మీద కూలబడింది. సెన్సర్ పాతిన ఏడు జరిగిన సకల జనుల సమ్మె దినాల్లో వాన లేదు, మోటరుకు కరెంటు లేదు. ఆ మాట ఆమే వ్యాసంలో రాసింది. అయినా సెన్సర్‌లో ఉండుండి తడి ఎగిసింది. అది మంచు తడి అయి ఉంటుందని ఆమె తనకు తానే అనుకుని రాసేసింది. అంత తడి మంచుకు రాదని, ఆ సెన్సర్‌నే నమ్మలేమని జర్మనీ వాళ్లు తేల్చారు. నెలాఖరులోగా కారణం చెప్పకపోతే వ్యాసాన్ని వెనక్కి తీసేస్తామని పత్రికవాళ్లు రాశారు.

"వ్యాసం పోతే దాని మీద వచ్చిన డాక్టరేటు మీదికొస్తది. మానుకోటల కాంట్రాక్టు కొలువు గూడ పోతది. నిజం చెప్పన్నా, నువ్వు మోటరు ఏసినవ్ గదా?"

సంజీవకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏ మోటరే? భూపాలపల్లిల బొగ్గు బాయిలు బందైనయ్. కరెంటు తీగల మీద పిట్టలు తప్ప ఏం లేకుండె. నేను జనగామ చౌరస్తాల సమ్మె వంటా-వార్పు కాడ ఉంటి!"

"కరెంటు గడియ సేపైనా రాలేదా? చేన్లకు నువ్వు గాకుంటే ఎవరు పోతరు?"

"అంతేలే. తప్పు ఎప్పుడన్న సదువుకోనోడే చేస్తడు. ఏడో తరగతిల బడి ఇడిసిపెట్టి నాగలి పట్టిన్నాడే గది నా నెత్తిన రాసిండ్రు."

"నేను గట్లన్ననా అన్నా?"

"అనాల్నా? నీ కండ్లు అంటున్నయ్!"

రజిత కళ్లు నిండాయి. సంజీవ ముఖం తిప్పుకున్నాడు. ఆ తిప్పుకోవడంలోనే వాకిలి దాటి వస్తున్న తల్లి కనబడింది. ఖాళీ చెంబు. వేలికి అంటుకున్న వేపాకు.

పొద్దున నిండుగా చేనుకు పోయిన చెంబు అది.

చెబితే అవ్వ కుమిలి కుమిలి చస్తుంది. చెప్పకపోతే చెల్లెలు మునుగుతుంది, తనమీద అనుమానం ఉండనే ఉంటుంది. చివరికి చాలా మెల్లగా అడిగాడు.

"అవ్వా, సాక యాడ పోస్తున్నవే?"

"గెట్టు కాడ. పిల్ల మిషిన్ మీద."

"సమ్మెల గూడ పోసినవా?"

"పొయ్యకుంటెట్ల? బస్సులు లేవు, పిల్ల రాకపాయె. గది ఒక్కతే చేన్ల ఉండె. ఎవని దిష్టన్న తాకుతదని మైసమ్మను తలుసుకుని పోసిన." ఆమె అందరి ముఖాలూ చూసింది. "ఏందిరా? ఏమైంది?"

రజిత లేచి నిలబడింది. విషయం తెలిశాక కొమురమ్మ చెంబు జారవిడిచి నెత్తి కొట్టుకుంది. "నా చేతులారా నిన్ను ముంచితినా బిడ్డా!"

"జర ఆగవ్వా." రజిత ఆమె చేతులు పట్టుకుంది. "ఏయే దినాలు పోసినవ్?"

"మంగళారం, శుక్రారం. నడుమ మీ పెద్దనాయిన సచ్చిపోయి మైల పడ్డది గదా, దినాలయ్యేదాక పొయ్యలే."

రజిత లాప్‌టాప్ తెరిచింది. గీత కొండల్లా లేచి పడుతోంది. ఒక్కో శిఖరం కింద తేదీ చూస్తూ పోయింది. మంగళవారం. శుక్రవారం. మళ్లీ మంగళవారం. ఆ తరువాత గీత చదునైపోయింది. పెద్దనాన్న పోయిన దినాలు. అవి గడిచిన శుక్రవారం మళ్లీ లేచింది.

"అన్నా, సెన్సర్ అబద్ధం చెప్పలే. అవ్వ పోసిన ప్రతి చెంబునూ పట్టింది. తప్పు నాది. మంచు అని రాసిన. ఇంట్ల ఒక్క మాట అడిగితే ఐపోతుండె. ఈళ్లకేం తెలుసనుకున్న." అంటూనే తల్లి ఒడిలో తల పెట్టి ఏడ్చింది.

ఆ పూటే రజిత పత్రికకు జాబు రాయడానికి కూర్చుంది. సంజీవ వెనక నిలబడి గింజుకున్నాడు.

"దేవతకు నీళ్లు పోసిందని రాస్తే నవ్వుతరేమోనే."

"నవ్వనీ. మన మాటకు నవ్విండ్రు, మనం సచ్చినమా?"

కొమురమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ అడిగింది. "ఇగ పొయ్యొద్దా బిడ్డా?"

"పొయ్యి అవ్వా. గెట్టుకు అవుతల పొయ్యి."

సంజీవ గొంతు సవరించుకున్నాడు. "నా పేరు రాయకు. కని మోటరు నేను ఎయ్యలేదని మాత్రం రాయి."

రజిత తెరను అతని వైపు తిప్పింది. అంతా ఇంగ్లీషు. ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఏమున్నదే?"

"మొదటి మాటే గది అన్నా. 'మా అన్న సంజీవ మోటరు వెయ్యలేదు. ఆయన మాట నేను నమ్మకపోవడం నా తప్పు' అని."

సంజీవ వాకిట్లోకి పోయి, కింద పడ్డ చెంబు ఎత్తి, కొంచెం సొట్ట పడితే బొటనవేలితో ఒత్తుతూ చాలాసేపు అటు తిరిగే నిలబడ్డాడు.