పెరటి బోరు

సోమవారం పొద్దున ఆరయ్యేసరికి ఆ అమ్మాయి బావి దగ్గరుంటుంది. అప్పటికింకా ఎవరూ నీళ్ళు తోడరు. టేపు చివర నాలుగడుగుల మేర సుద్ద రాసి, మెల్లగా బావిలోకి వదిలి, పైకి లాగి, సుద్ద ఎంతవరకు తడిసిందో చూసి కాగితం మీద రాసుకుంటుంది. రెండేళ్ళుగా ఇదే వరస. వాడలో ఆమెను టేపు పిల్ల అంటారు. మొదట్లో వెక్కిరింపుగా అన్నారు, ఇప్పుడు ముద్దుగా అంటున్నారు. నీళ్ళు కనిపిస్తే ఎంత గట్టి నాలుకైనా మెత్తబడుతుంది మరి!

ఆ రోజు నీళ్ళు ఇరవై రెండు అడుగుల లోతులో ఉన్నాయి. నిరుడు ఎండల్లో ఇదే వారం ముప్పై ఒకటి. అంటే తొమ్మిదడుగులు పైకొచ్చాయి. నమ్మకం కుదరక రెండోసారి సుద్ద రాసి మళ్ళీ కొలిచింది. అదే లెక్క.

రాతి గట్టు మీద అరవై ఇళ్ళ వాడ అది. కింద పట్నం దాకా వచ్చిన నీటి గొట్టం గట్టెక్కలేదు. అడిగినప్పుడల్లా ఆఫీసులో "వచ్చే ఏడు" అనేవారు. ఆ వచ్చే ఏడు ఎన్నేళ్ళు పోయినా రాలేదు. చివరికి టేపు పిల్ల పనిచేసే నీటి సంఘం చెప్పిన మాట విని జనమే ముందుకొచ్చారు. నలభై మూడు ఇంకుడు గుంతలు తవ్వారు. వాలుకి అడ్డంగా రాళ్ళు పేర్చారు, మట్టి కొట్టుకుపోకుండా గడ్డి నాటారు. ఇవాళ పదింటికి బడిలో ఆమె ఈ రెండేళ్ళ లెక్కా చదవాలి. నీటి శాఖ ఇంజనీరు వస్తున్నాడు. ఆయన సరేనంటే గట్టవతలి మూడు పల్లెలవాళ్ళు చలికాలమంతా కూలికి పోవడం మానుకుని ఇలాంటి గుంతలే తవ్వుకుంటారు. ఆమె చూపించే ఆ తొమ్మిదడుగుల మీదే వాళ్ళ ఆశంతా.

గుమ్మంలో అడుగు పెట్టిందో లేదో తండ్రి టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఎంత?"

"ఇరవై రెండు నాన్నా!"

"అద్దీ! నా తల్లే!" అన్నాడు ఆయన. గట్టు మీదా గట్టవతలా ముప్పై ఏళ్ళుగా బోర్లు వేసిన మనిషి. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎప్పుడో తగ్గిపోయారు, అందరికీ బోరు మేస్త్రి. ఆయన మిషను నిలబెట్టిన చోట నీళ్ళు పడి తీరతాయని పేరు. ఆ పేరంటే ఆయనకి ప్రాణం.

"సంబరం తర్వాత, ముందు చేతులు కడుక్కోమనండి మీ కూతుర్ని," అంది తల్లి పొయ్యి దగ్గర్నించి. "గుడ్డుతో పాటు సుద్ద కూడా తినేట్టుంది."

"అమ్మా, ఇంజనీరు గారు బోర్ల జాబితా కూడా తెమ్మన్నారు. మోటారు వారానికెన్ని గంటలు నడుస్తోందో రాయాలి. మనదెన్ని?"

తల్లి గరిటె ఆగింది. తండ్రి కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఎంతో కొంత రాసుకో," అన్నాడు.

"ఎంతో కొంత ఏంటి నాన్నా? వాడలో మిగతా ఎనిమిది బోర్ల దగ్గరా గడియారం పట్టుకుని నిలబడ్డాను. మనింటిది ఎంతో కొంత రాస్తే నవ్వరూ?"

చేతులు కడుక్కుందామని పెరట్లోకి వెళ్ళి, మోటారు స్విచ్చు డబ్బా మీద చెయ్యి వేసింది.

"అది ముట్టుకోకు!" వెనకాల తండ్రి కేక.

అప్పటికే మూత తెరిచింది. స్విచ్చు మీద పిడికిలంత మట్టిగూడు. కందిరీగలు తీరిగ్గా కట్టుకున్న ఇల్లు. కొళాయి మూతికి సాలెపట్టు. తలెత్తి చూస్తే అమ్మ కూరగాయల మళ్ళు నెర్రెలిచ్చి ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులమ్మా, తోట పని మానేశాను అని చెప్పింది తల్లి. అయ్యో పాపం అనుకుని ఊరుకుంది తను.

"ఈ మోటారు వేసి ఎన్నాళ్ళైంది?"

తండ్రి వచ్చి డబ్బా మూత మూసేశాడు.

"నాన్నా, అడుగుతున్నాను."

"పది నెలలు," అంది తల్లి. "దాస్తే ఇంకెన్నాళ్ళు దాగుతుంది? పది నెలలు."

"మరి ఇంట్లో నీళ్ళు?"

"కింద వాగు నించి. బావికి పోతే బోరేమైందని ఊరు అడుగుతుందిగా. నువ్వు లేవకముందే మీ నాన్న బండి మీద నాలుగు డబ్బాలు తెస్తారు. ఆదివారం సాయంత్రం వచ్చి సోమవారం మధ్యాహ్నానికి పోయేదానివి, నీకేం తెలుస్తుంది? డ్రమ్ము నిండా ఉంటే చాలు, ఎక్కడివని అడిగావా ఎప్పుడైనా?"

అమ్మాయి అక్కడే పెరటి అరుగు మీద కూలబడింది. వెంటనే గుర్తొచ్చింది. పది నెలల జాబితాలోనూ సొంత ఇంటి బోరు ఎదురుగా తన చేత్తోనే రాసింది, 'మామూలుగా నడుస్తోంది' అని. ఇల్లిల్లూ తిరిగి అడిగిన మనిషి తన ఇంటి సంగతి అడగకుండానే రాసేసింది. మన ఇల్లే కదా, కొత్తగా చూసేదేముంది అనుకుంది.

"ఎందుకు ఆపారు నాన్నా?"

మేస్త్రి భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"నిరుడు ఎండాకాలం చివర్లో నువ్వు ఇక్కడే కూర్చుని ఏడ్చావు. గుర్తుందా? ఏడాది పాటు గుంతలు తవ్వినా బావిలో చెంబెడు నీళ్ళు పెరగలేదని జనం నానా మాటలూ అన్నారు. గడ్డి పీకేస్తామన్నారు. నాకు తెలుసు ఆ బావి ఎందుకు లేవట్లేదో. మన బోరూ బావీ ఒకటే రాతి పగులులో ఉన్నాయి. మనం మోటారు వేస్తే బావి దిగుతుంది. మూడొందల అడుగుల నించి లాగేస్తుంటే పైన నీ గుంతలు ఎంత ఇంకిస్తే మాత్రం ఏం లాభం?"

"ఇది మీకెప్పట్నించి తెలుసు?"

"బోరు వేసిన నెలకే."

"అంటే పదకొండేళ్ళా!"

ఆయన తలొంచుకున్నాడు.

"ఊరికి తెలిస్తే నా పేరేం కాను? అందుకే నోరు మూసుకున్నాను. నీ కన్నీళ్ళు చూశాక మోటారు కట్టేశాను. నోరు మాత్రం తెరవలేకపోయాను. నీళ్ళయితే వచ్చాయిగా తల్లీ? నీకు మంచి పేరొచ్చిందిగా?"

"మంచి పేరా!" అమ్మాయి లేచి నిలబడింది. "ఇంకో మూడు గంటల్లో నలభై మూడు గుంతలు తొమ్మిదడుగులు లేపాయని చదవబోతున్నాను. అది విని గట్టవతలివాళ్ళు కడుపు కట్టుకుని తవ్వుతారు. అక్కడ పదిహేడు బోర్లు నడుస్తూనే ఉంటాయి. బావులు లేవవు. అప్పుడు వాళ్ళ మొహం ఎలా చూడను? నా మీద ప్రేమతో నా చేత అబద్ధం రాయించారు కదా నాన్నా."

"నేను రాయమన్నానా?"

"రాయకుండా ఆపారా?"

"ఇద్దరూ ఆపండి!" అంది తల్లి. గరిటె ఇంకా చేతిలోనే ఉంది. "ఈయన పేరట, ఆవిడ లెక్కట! ఇరవై ఏళ్ళు పెంచిన తోట నాది. ఒక పొద్దున మోటారు ఆగిపోయింది. ఎందుకని అడిగితే, పిల్ల కోసం ఊరుకోవే అన్నారు. ఊరుకున్నాను. లేని మోకాళ్ళ నొప్పి తెచ్చుకున్నాను. నా టమాటాలు నా కళ్ళ ముందే మాడిపోయాయి. వాటి గురించి మీ ఇద్దరిలో ఒక్కరైనా ఒక్క మాట అన్నారా?"

తండ్రీకూతుళ్ళిద్దరూ తప్పు చేసిన పిల్లల్లా నిలబడ్డారు. పొయ్యి మీద గుడ్లు మాడిన వాసన వచ్చింది. ఆ వేళ ఆ ఇంట్లో ఎవరూ ఏమీ తినలేదు.

పదింటికి బడి నిండిపోయింది. టేపు పిల్ల కాగితాలు పట్టుకుని లేచింది. "ఈ లెక్కలో ఒక తప్పుంది," అని మాత్రం అంది. తర్వాతి మాట నాన్న పరువు తీసేది. అది నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"తప్పు దానిది కాదు, నాది," అంటూ వెనక బెంచీలోంచి మేస్త్రి లేచాడు. మొదలుపెట్టాక ఆగలేదు. రాతి పగులు, పదకొండేళ్ళు, పది నెలలు, అన్నీ చెప్పేశాడు.

ముందు వరసలో ఉన్న అవ్వ కర్ర పట్టుకుని లేచింది. బావి ఎండిన ఏడు వాగుకి దిగుతూ జారిపడి తుంటి విరగ్గొట్టుకున్న మనిషి.

"నా ఎముక విరిగినప్పుడు ఆస్పత్రికి నన్ను మోసుకెళ్ళింది నువ్వే కదరా మేస్త్రీ?"

"నేనే అవ్వా."

"దార్లో కూడా చెప్పాలనిపించలేదా?"

"అనిపించింది. నోరు రాలేదు."

అవ్వ కూర్చుంది. ఆమె తిట్టి ఉంటే ఆయనకి కాస్త తేలికపడేది.

ఇంజనీరు కాగితాలు మూశాడు. "మోటారు ఎంత, గుంతలు ఎంత అన్నది తేలకుండా ఈ లెక్క పనికిరాదమ్మా."

"తేలుద్దాం," అన్నాడు మేస్త్రి. "నేను మోటారు వేస్తాను. అమ్మాయి బావి కొలుస్తుంది. అందరూ చూడండి."

ఇంటికెళ్ళి మట్టిగూడు గీకేసి, బిగుసుకుపోయిన మోటారును గంటసేపు బతిమాలి, మధ్యాహ్నం పన్నెండింటికి స్విచ్చు వేశాడు. పైపులోంచి మొదట ఎర్రనీళ్ళు, తర్వాత తేటనీళ్ళు దూకాయి. నీళ్ళు తిన్నగా తల్లి తోటలోకి పారాయి. నెర్రెలు గటగటా తాగాయి. పెరటి కంచెకి అవతలే ఉన్న బావి చుట్టూ జనం, వాళ్ళ మధ్య మేస్త్రి. అరగంటకోసారి కూతురు టేపు దించి గట్టిగా చెబుతోంది.

"ఇరవై రెండుంబావు."

"ఇరవై రెండున్నర."

"ఇరవై మూడు..."

ఒక్కో అంకె చెబుతుంటే తండ్రి వీపు మీద కర్రతో కొడుతున్నట్టే ఉంది ఆమెకి. నాలుగోసారి టేపు లాగి చూసి ఊరుకుంది.

"చెప్పమ్మా, ఆగకు," అన్నాడు ఆయన. "నేను వినాలి."

"ఇరవై మూడున్నర నాన్నా."

తెలియడం వేరు, చూడడం వేరు. పదకొండేళ్ళ పాటు ఈ బావికి రోజూ జరిగింది ఇదే కదా అనుకుంటూ ఆయన బావిలోకి వంగి చూశాడు.

ఐదోసారి కొలవబోతుంటే పెరట్లో మోటారు ఆగిపోయింది. తడిసిన మడి పక్కన చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని తల్లి నిలబడి ఉంది, చెయ్యి స్విచ్చు మీద.

"తేలింది చాలు," అంది. "నాకు తోట కావాలి గానీ, ఊరి బావి తాగే తోట వద్దు."

ఇంజనీరు పద్ధతిగానే మాట్లాడాడు. మోటారు ఆపితేనే గుంతలకి బలం. అవి ఎంత ఇంకిస్తున్నాయో తేలాలంటే ఇంకో ఏడాది కొలవాలి. అంతవరకు గట్టవతలి పని ఆగుతుంది. టేపు పిల్ల తలాడించింది. రెండేళ్ళ కష్టం ఒక్క పూటలో మళ్ళీ మొదటికొచ్చింది. జనం ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. కొందరు మేస్త్రిని పలకరించారు, కొందరు మొహం తిప్పుకున్నారు. అవ్వ మాత్రం ఆయన ముందు ఆగింది.

"నిన్ను క్షమించడానికి నాకు టైము పడుతుందిరా. ఈలోగా ఊరికే కూర్చోకు. అవతలి పల్లెల్లో ఏ బోరు ఏ బావిని తాగుతోందో వెళ్ళి చెప్పు. నాలాంటి ముసలిది ఇంకొకతె పడకముందే చెప్పు."

బావి దగ్గర తండ్రీకూతుళ్ళు మిగిలారు.

"నా మీద కోపంగా ఉందా?" అన్నాడు ఆయన.

"ఉంది. చాలా ఉంది."

"ఉండనీ." ఆయన గట్టవతలి వైపు చూశాడు. "అవతల పదిహేడు బోర్లన్నావు. అందులో పదకొండు నేనే వేశాను."

"ఎక్కడెక్కడో గుర్తున్నాయా?"

"అన్నీ గుర్తే. ఏది ఏ బావి పక్కన వేశానో కూడా." ఆయన కళ్ళు తుడుచుకోలేదు. "ఒక్కో ఇంటికీ వెళ్ళి చెబుతాను. నన్ను నీ వెంట తీసుకెళ్తావా?"

బావుల లోతు కొలవడం నేర్చుకున్న కూతురికి ఆ ఒక్క మాట అడగడానికి నాన్న ఎంత లోతు నించి రావలసి వచ్చిందో అప్పుడు తెలిసింది. కాగితాలు అక్కడే వదిలేసి ఆయన భుజం మీద తల పెట్టి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

"రేపు ఏడింటికి బయల్దేరాలి నాన్నా," అంది ఏడుస్తూనే. "ఆలస్యం చేస్తే ఊరుకోను."