ఆవాల డబ్బా

ఒక ఇంటికి ఎన్ని తూటాలుంటే చాలు? కృష్ణవేణి ఈ ప్రశ్న వేసి ఏడాదయింది. భర్త లక్ష్మీపతి ఇంకా జవాబు చెప్పలేదు.

అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో మంచు కురుస్తున్న ఆ శనివారం ఉదయం కూడా అతను కాఫీ చల్లారబెట్టుకుని ఫోన్‌లో మునిగి ఉన్నాడు. వాడేసిన తూటా తొడుగుల్లో మళ్లీ తుపాకి మందు నింపుకోవడం అతని వ్యాపకం. తుపాకి సాధనకు నెలకోసారి షూటింగ్ రేంజ్‌కి వెళ్లే మనిషి బేస్‌మెంట్‌లో, ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్ పక్కనే, పదేళ్లకు సరిపడా సరుకు పేర్చాడు.

"స్టాక్ వచ్చింది వేణీ! ఇంకో ఎనిమిది పౌండ్ల మందు ఆర్డర్ చేసేస్తా. మళ్లీ దొరకదు."

"పోయినసారీ ఇదే మాట. ఫర్నేస్ పక్కన కాలు పెట్టే చోటు లేదు."

"సేల్ అని నువ్వు నాలుగు బస్తాల కందిపప్పు తేలేదా?"

"కందిపప్పు పేలదండీ."

"పొద్దున్నే ఏం వాదనరా?" అంది అతని తల్లి రాజేశ్వరమ్మ, గ్యాస్ స్టౌ దగ్గర నుంచి. తెనాలి నుంచి వచ్చి నెలయింది. పచ్చడి తాలింపుకు నూనె కాగుతోంది. "వేణీ, ఆవాలు అయిపోతే కిందనుంచి ఈ డబ్బా తెచ్చుకున్నానమ్మా. ఇలా మెరుస్తున్నాయేమిటే?"

డబ్బా మీద 'ఆవాలు' అన్న కాగితం నిరుడు కృష్ణవేణే అంటించింది. రాజేశ్వరమ్మ చెంచా నిండుగా తీసింది.

లక్ష్మీపతి తలెత్తాడు. కుర్చీ వెనక్కి పడింది.

"అమ్మా, పోయకు!"

అతను తల్లి మణికట్టు పట్టి లాగాడు. నల్లని గింజలు నేలంతా చెదిరాయి. కృష్ణవేణి స్టౌ ఆర్పింది.

"ఆ తుపాకి మందు ఇందులోకి ఎలా వచ్చింది?"

"పెద్ద డబ్బాలు షెల్ఫ్‌లో పట్టలేదు. ఖాళీ డబ్బాల్లోకి సర్దాను. కాగితం పీకేద్దామనుకున్నా..."

"ఎన్ని డబ్బాల్లోకి?"

"గుర్తులేదు."

రాజేశ్వరమ్మ కందిన మణికట్టు వైపు చూసుకుంది. "నా మొహం కాలిపోయేదా, నాయనా?"

అతను ఆమె పాదాల దగ్గర కూలబడి ఏడ్చాడు. తర్వాత ఫోన్ తీసి, పెట్టబోతున్న ఆర్డర్ తుడిచేసి, ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి కాల్ చేశాడు. కృష్ణవేణి ఫర్నేస్ ఆపేసింది. ముగ్గురూ కోట్లు తొడుక్కుని, చల్లబడుతున్న ఇంటి వాకిట్లో నిలబడ్డారు. లోపల షెల్ఫ్‌లో జీలకర్ర, గసగసాలు, మెంతులు అని రాసిన డబ్బాలు వరుసగా ఉన్నాయి. ఏది ఏదో ఎవరికీ తెలియదు.

పోగుచేయడాన్నే జాగ్రత్త అంటున్న మీకు, మీ ఇంట్లోనూ ఎవరో ఎంతుంటే చాలన్న ప్రశ్న వేసే ఉంటారు. లేవండి. ఎంత చాలో వాళ్లకు ఈరోజే చెప్పండి.