పదేళ్ళ గ్యారంటీ

నేను చేసిన ఆంప్లిఫయర్‌ను కౌంటర్ మీద పెడితే ఆ అమ్మాయి దాన్ని వినలేదు. ముందు ధర చీటీ చూసింది.

"తొంభై వేలా?" అంది.

"ఎక్కువంటారా?"

"తక్కువ. ఈ ధరకి ఎవరూ కొనరు."

కొత్తవీ పాతవీ ఆడియో సామాన్లు అమ్మే ఆ షాపు వాళ్ళ మావయ్యది. ఆయన మూల కుర్చీలో పాటలు వింటూ కూర్చుంటాడు. ధరలు కట్టేది ఆమె.

నాది మామూలు ఆంప్లిఫయర్ కాదు. ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్లకు మాత్రమే పనికొచ్చేది. ఆ హెడ్‌ఫోన్లలో వెంట్రుక కంటే పల్చని పొర ఉంటుంది. అది పాడాలంటే దాదాపు ఆరువందల వోల్టులు కావాలి. ఫోనుకు తగిలిస్తే ఉలకవు, పలకవు. వాటి జోలికి వచ్చేవాళ్ళు ఊరికి పదిమంది ఉంటే గొప్ప. ఎనిమిది నెలలు కూర్చుని మూడు చేశాను. నెలాఖరులోగా ఒక్కటైనా అమ్ముడుపోకపోతే బాబాయి లిఫ్టు రిపేర్ల కంపెనీలో చేరతానని నాన్నకు మాటిచ్చాను. బాబాయి వాళ్ళ ఊరు రైల్లో ఒక రోజు ప్రయాణం. గడువు ఇంకా పద్దెనిమిది రోజులుంది.

ఇదంతా ఆమెకు రెండు నిమిషాల్లో చెప్పేశాను. కంగారు పడితే నా నోరు ఆగదు.

"మీ పనికి ఎంత వేసుకున్నారు?"

"పనికా? ట్రాన్స్‌ఫార్మరు, ట్యూబులు, అల్యూమినియం పెట్టె, వైర్లు, అన్నీ కలిపి ఎనభై ఎనిమిది. పైన రెండు దారి ఖర్చులు."

"అంటే ఎనిమిది నెలల కూలి సున్నా."

"నాకది సరదా అండీ."

"మీ సరదా కొనేవాడికేం తెలుసు? ఆరువందల వోల్టులు చెవి పక్కన పెట్టుకునేవాడు చౌక ధర చూస్తే సంతోషించడు, జడుసుకుంటాడు." చెవి వెనక దోపుకున్న పెన్సిలు తీసి నా అంకె కొట్టేసింది. మూడు లక్షలు అని రాసింది.

"ఇది పట్టపగలు దోపిడీ" అన్నాను.

"అయితే తీసుకెళ్ళండి. లిఫ్టులు బాగుచేసుకుందురుగాని."

ఒళ్ళు మండింది. అయినా పెట్టె అక్కడే వదిలి వచ్చాను. ఆ పెన్సిలు మళ్ళీ చెవి వెనక్కి వెళ్ళడం చూడాలనిపించింది, అంతే.

మర్నాటి నుంచి రోజూ వెళ్ళాను. వంక వెతుక్కునే పని కూడా పడలేదు, వాల్యూమ్ నాబ్ స్క్రూ ఎప్పుడూ వదులవుతూనే ఉంది.

"మావయ్యా, వోల్టేజీ గారొచ్చారు. మళ్ళీ ఆ స్క్రూ అట."

"నిజంగానే వదులైంది. చూడండి."

"నిన్న మీరే కదా బిగించింది? చేతిలో బలం లేదేమో."

మావయ్య హెడ్‌ఫోన్లు తీయకుండానే నవ్వాడు.

కొనేవాళ్ళు రాకపోలేదు. వచ్చేవారు, వినేవారు, కళ్ళు మూసుకునేవారు. కళ్ళు తెరిచాక అందరిదీ ఒకటే ప్రశ్న: చెడిపోతే ఎవరు బాగుచేస్తారు? నెలాఖరుకి నేను ఊళ్ళో ఉంటానో లేదో తెలీదని నిజం చెప్పేవాణ్ణి. హెడ్‌ఫోన్లు మర్యాదగా కిందపెట్టి వెళ్ళిపోయేవారు.

"ఈ వ్యాపారం ఇంతే. చేసినవాడు చేతులెత్తేస్తే, ఇంత ఖరీదు పెట్టెనీ పాత సామాను కింద అమ్ముకోవాలి" అంది ఆమె.

"అబద్ధం చెప్పమంటారా?"

"వద్దు" అంది. గాజు తలుపు తుడవడానికి వెళ్ళింది. తలుపు శుభ్రంగానే ఉంది.

గడువుకు మూడు రోజుల ముందు పెద్ద వాన పట్టింది. చెమ్మ తగిలితే ఆ హెడ్‌ఫోన్లు కీచుమంటాయి, బేరం పోయినట్టే అనుకుంటూ తడుస్తూ వెళ్ళాను. ఆమె పొద్దున్నే వాటిని గాజుపెట్టెలో బల్బు కింద వెచ్చగా పెట్టి ఉంచింది. రిటైరైన కంటి డాక్టరుగారు ఒకావిడ కూర్చుని నలభై నిమిషాలు విన్నారు. తర్వాత పెట్టె పక్కనున్న ధర కార్డు చదివి, నన్నూ ఆ అమ్మాయినీ మార్చి మార్చి చూశారు.

"ఈ కార్డు మీద ఉన్నదానికి నువ్వు ఒప్పుకుంటున్నావా బాబూ?"

ధర గురించే అనుకుని ఒప్పుకున్నాను. ఆవిడ మూడు లక్షలూ కట్టి, పెట్టె కారులో పెట్టించుకుని వెళ్ళారు. అప్పుడు చూశాను కార్డు నకలు: పదేళ్ళ గ్యారంటీ. చేసినవారే, ఈ ఊళ్ళోనే ఉండి, స్వయంగా బాగుచేసి ఇస్తారు.

"నన్నడక్కుండా నన్ను పదేళ్ళు ఇక్కడ కట్టేశారా?"

"పొద్దున్న రాశాను. మీరు వెళ్ళిపోతే షాపే డబ్బు వెనక్కిస్తుందని ఆవిడకి చెప్పాను. మావయ్యని అడిగే చెప్పాను."

"ఆవిడేమన్నారు?"

"అబ్బాయి వెళ్ళడులే అన్నారు. కళ్ళ డాక్టరు కదా."

అక్కణ్ణుంచే నాన్నకు ఫోన్ చేశాను. ఒకటి అమ్ముడైందని, పదేళ్ళు ఇక్కడే ఉండాలని చెప్పాను.

"ఎవరు పెట్టారా ఆ షరతు?"

"ధర కట్టే అమ్మాయి, నాన్నా."

"మాటిచ్చాక తప్పకూడదు. లిఫ్టుల సంగతి బాబాయికి నేను చెప్పుకుంటాను. ఆ అమ్మాయిని ఒకసారి భోజనానికి పిలు" అని పెట్టేశాడు.

ఆమె బిల్లు పుస్తకంలోకి చూస్తోంది. ఒక్క పేజీ తిప్పలేదు.

"ఒక నిజం చెప్పాలి" అన్నాను. "నేను రోజూ వచ్చింది స్క్రూ కోసం కాదు. మీకోసం. మీరంటే నాకు చాలా ఇష్టం."

ఆమె తల ఎత్తింది. చెవి వెనక పెన్సిలు తీసి, డెస్కు సొరుగు లాగి, అందులోంచి బుల్లి స్క్రూడ్రైవరు ఒకటి నా ముందు పెట్టింది.

"రోజూ మీరు వెళ్ళాక ఆ స్క్రూని వదులు చేసింది నేనే" అంది.